పగులుకి లెక్క కట్టిన గ్రిఫిత్

క్రాక్ అనే మాట మన కాలేజీలో ఒక్కో బ్రాంచ్‌లో ఒక్కోలా వినిపిస్తుంది. మా సీఎస్ఈ వాళ్లకి క్రాక్ అంటే ఇంటర్వ్యూ క్రాక్ చేయడం, లేదా డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకోవడం. సివిల్ వాళ్లకి అది గోడ మీద గీత. మెకానికల్, ఏరో వాళ్లకి మాత్రం నిద్ర పట్టనివ్వని మాట. ఆ మాట వెనకాల ఒక పెద్దమనిషి ఉన్నాడు. మెటీరియల్ సైన్స్ పుస్తకంలో గ్రిఫిత్ థియరీ అని ఒక పేజీ వస్తుంది కదా, పరీక్షకి ముందు రోజు ఫార్ములా బట్టీ పట్టి వదిలేస్తాం కదా, ఆ గ్రిఫిత్ అన్నమాట.

పూర్తి పేరు అలన్ ఆర్నాల్డ్ గ్రిఫిత్. ఆయన జీవితం చదివాక నాకు ఆ ఫార్ములా వేరేలా కనిపించింది. అందుకే ఈసారి కవిత కాకుండా ఒక ఇంజినీర్ కథ రాస్తున్నాను. బ్రాంచ్ ఏదైనా చదవొచ్చు, లెక్కలు కొంచెమే ఉంటాయి.

నవలాకారుడి కొడుకు

గ్రిఫిత్ 1893 జూన్ 13న లండన్‌లో పుట్టాడు. తండ్రి జార్జ్ గ్రిఫిత్ ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడుపోయే రచయిత. ఇప్పుడు మనం సైన్స్ ఫిక్షన్ అంటున్న కథలు ఆయన అప్పుడే రాసేవాడు. కొడుకు పుట్టిన ఏడాదే ఒక వారపత్రికలో ఆయన నవల సీరియల్‌గా వచ్చింది. పేరు ది ఏంజెల్ ఆఫ్ ది రెవల్యూషన్. అందులో మనుషులు ఆకాశంలో ఎగిరే ఓడలెక్కి యుద్ధాలు చేస్తారు. రైట్ సోదరులు నిజంగా గాల్లోకి లేవడానికి అప్పటికి ఇంకా పదేళ్లు ఉంది. అంటే తండ్రి కాగితం మీద ఎగరేశాడు, అవి విరిగిపోకుండా ఎలా ఎగరాలో కొడుకు లెక్క వేశాడు.

తండ్రి కుదురుగా ఉండే మనిషి కాదు. 1894లో 65 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చాడు. కానీ ఎక్కువ కాలం బతకలేదు. 1906 జూన్‌లో ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవిలో చనిపోయాడు. అప్పటికి అలన్‌కి పదమూడేళ్లు నిండటానికి కొద్ది రోజులే ఉంది. ఆ దీవిలోనే డగ్లస్ ఊళ్లో చదువుకుని, తర్వాత లివర్‌పూల్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చేరాడు. 1914లో డిగ్రీ చేతికొచ్చింది. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

సబ్బు నీళ్ల కంప్యూటర్

1915లో ఆయన ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. యుద్ధం కోసం విమానాలు తయారు చేయాలి, అవి గాల్లో విరగకూడదు. అప్పటి విమానాలు చెక్క, గుడ్డ, తీగలు. ఒక ప్రొపెల్లరో, రెక్క లోపలి దూలమో మెలి తిరిగినప్పుడు అందులో ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో తెలియాలి. గుండ్రటి కడ్డీ అయితే ఫార్ములా ఉంది. ఆకారం కాస్త వంకర తిరిగిందంటే చాలు, ఆ సమీకరణం చేత్తో తేలేది కాదు. ఇప్పుడైతే సాఫ్ట్‌వేర్‌లో మెష్ వేసి రన్ కొడతాం. అప్పుడు ఏం చేస్తారు?

జర్మనీలో ప్రాంటిల్ అనే శాస్త్రవేత్త 1903లోనే ఒక చిత్రమైన విషయం గమనించాడు. మెలి తిరిగే కడ్డీలోని ఒత్తిడి సమీకరణం, ఒక చట్రానికి సాగదీసి కట్టిన పలచటి పొర ఉబ్బే సమీకరణం రెండూ ఒకటే. గ్రిఫిత్, ఆయన సహచరుడు జి.ఐ. టేలర్ కలిసి దాన్ని పట్టుకున్నారు. లోహపు రేకులో దూలం అడ్డుకోత ఆకారంలో రంధ్రం కోశారు. దాని మీద సబ్బు నీటి పొర పట్టించి కింద నుంచి కొంచెం గాలి ఒత్తిడి పెట్టారు. పొర ఉబ్బింది. ఎక్కడ వాలు ఎక్కువగా ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఉబ్బిన పొర కింద ఎంత జాగా ఉందో కొలిస్తే, ఆ దూలం మెలికకి ఎంత గట్టిగా నిలబడుతుందో తెలిసిపోతుంది.

చిన్నప్పుడు సబ్బు నీళ్లతో బుడగలు ఊదని వాళ్లు ఎవరుంటారు? వీళ్లు ఆ బుడగనే కంప్యూటర్‌గా మార్చేశారు. 1917లో ఈ పద్ధతిని ప్రకటించాక ఆయనకి సబ్బు బుడగల గ్రిఫిత్ అని ముద్దుపేరు కూడా వచ్చింది. అప్పటికి వయసు ఇరవై నాలుగు.

చిన్న గీత అంత ప్రమాదమా?

ఆయన పేరు నిలబెట్టిన పని ఇక్కడే మొదలవుతుంది. లోహపు భాగాల మీద గీతలు, గాట్లు ఉంటే అవి అనుకున్నదానికంటే ముందే విరిగిపోతున్నాయని అందరికీ తెలుసు. ఎందుకన్నది మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు.

1913లో ఇంగ్లిస్ అనే ప్రొఫెసర్ ఒక లెక్క తేల్చాడు. సాగదీసిన రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, దాని అంచు దగ్గర ఒత్తిడి మామూలు కన్నా మూడు రెట్లు అవుతుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో, లాగే దిక్కుకి అడ్డంగా ఉంటే ఇంకా ఎక్కువ. అది ఎంత సన్నగా, ఎంత పదునుగా అయితే కొన దగ్గర ఒత్తిడి అంత పెరుగుతూ పోతుంది. పగులంటే దాదాపు వెడల్పే లేని రంధ్రం. మరి దాని కొన దగ్గర ఒత్తిడి లెక్క ఎక్కడికో వెళ్లిపోతుంది.

గ్రిఫిత్‌కి ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. ఆ లెక్కలో ఆకారమే ముఖ్యం, సైజుకి విలువ లేదు. అంటే ఒకే ఆకారంలో ఉంటే వెంట్రుకంత గీత, వేలెడు గీత రెండూ ఒకేలా ప్రమాదం కావాలి. కానీ టెస్టింగ్‌లో అలా జరగడం లేదు. చిన్న గీతల్ని లోహం తట్టుకుంటోంది, పెద్దవాటికి లొంగిపోతోంది. థియరీకీ టెస్టుకీ పొత్తు కుదరలేదు. ఆయన టెస్టుని నమ్మాడు, థియరీని మార్చాడు.

ఆయన అడిగిన ప్రశ్న చాలా సింపుల్. పగులు ఒక్క అడుగు ముందుకి వేయాలంటే దానికి ఖర్చు ఎంత, రాబడి ఎంత? పగులు పెరిగితే రెండు కొత్త ఉపరితలాలు పుడతాయి. అణువుల మధ్య బంధాలు తెంపాలి కాబట్టి దానికి శక్తి కావాలి. ఇది ఖర్చు. ఈ ఖర్చు పగులు పొడవుని బట్టి పెరుగుతుంది. ఇంకోవైపు, సాగి ఉన్న వస్తువులో స్ప్రింగులో ఉన్నట్టు శక్తి దాగి ఉంటుంది. పగులు తెరుచుకుంటే దాని చుట్టుపక్కల భాగం వదులై ఆ శక్తి బయటికి వస్తుంది. ఇది రాబడి. వదులయ్యే ప్రాంతం పగులు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఖర్చు ఆర్డర్ ఎన్, రాబడి ఆర్డర్ ఎన్ స్క్వేర్. ఈ రెండు గ్రాఫులు గీసి చూడండి. మొదట్లో ఎన్ చిన్నగా ఉన్నప్పుడు ఖర్చే ఎక్కువ, కాబట్టి పగులు కదలదు. ఒక పొడవు దాటాక, ఇంకాస్త పెరగడానికి అయ్యే ఖర్చు కన్నా దాని వల్ల వచ్చే రాబడి ఎక్కువైపోతుంది. ఆ క్షణం నుంచి పగులుని ఎవరూ తోయక్కర్లేదు, దానంతట అదే పరిగెడుతుంది. గాజు గ్లాసు టప్పున రెండు ముక్కలయ్యేది అందుకే.

దీని నుంచి వచ్చే ఫార్ములా మనం బట్టీ పట్టేదే. విరగడానికి కావాల్సిన ఒత్తిడి, పగులు పొడవు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. 2 మిల్లీమీటర్ల పగులు 8 మిల్లీమీటర్లు అయితే బలం సగానికి పడిపోతుంది. ఇంజినీరింగ్ చరిత్రలో మొదటిసారి, ఈ పగులు పర్వాలేదు, ఈ పగులు ప్రాణాంతకం అని తేడా చెప్పే లెక్క దొరికింది.

నిరూపణ కోసం ఆయన గాజుని ఎంచుకున్నాడు. గాజు గొట్టాలు, బుడ్డీలు తీసుకుని వాటిలో కొలిచిన పొడవుతో పగుళ్లు పెట్టి, లోపలి నుంచి ఒత్తిడి పెంచి పగలగొట్టాడు. ఒత్తిడిని పగులు పొడవు వర్గమూలంతో గుణిస్తే ప్రతిసారీ దాదాపు ఒకే సంఖ్య వచ్చింది. తర్వాత గాజుని వేడి చేసి సన్నటి పోగులుగా లాగాడు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న పోగు సుమారు 170 మెగాపాస్కల్స్ దగ్గర తెగిపోయింది. మిల్లీమీటరులో మూడు వందో వంతు మందం ఉన్న పోగు సుమారు 3,400 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంది. అదే గాజు, ఇరవై రెట్లు బలం. పోగు సన్నబడేకొద్దీ లోపల పగులు దాక్కోవడానికి చోటు తగ్గిపోతోంది మరి. అంటే మనం చూసే మామూలు గాజు బలహీనంగా ఉండటానికి కారణం గాజు కాదు, కంటికి కనిపించని పగుళ్లు. ఇవాళ హెలికాప్టర్ రోటర్ బ్లేడ్లలో వాడే గ్లాస్ ఫైబర్ వెనక ఉన్న విషయం కూడా ఇదే.

ఈ పరిశోధన 1920లో రాయల్ సొసైటీకి చేరింది, 1921లో అచ్చయింది. ఆ 1921లోనే లివర్‌పూల్ ఆయనకి డాక్టరేట్ ఇచ్చింది.

ఆపేసిన పని

ఇంత పెద్ద విషయం కనిపెట్టాక వెంటనే సన్మానాలు జరిగి ఉంటాయనుకుంటాం. జరిగింది వేరు. ఫార్న్‌బరోలోనే పనిచేసిన జె.ఇ. గోర్డన్ అనే శాస్త్రవేత్త తన పుస్తకంలో ఈ కథ చెప్పాడు. గ్రిఫిత్‌కి సహాయకుడిగా బెన్ లాక్‌స్పైసర్ అనే కుర్రాడు ఉండేవాడు. ఒక సాయంత్రం ఇంటికెళ్తూ గాజు కరిగించే గ్యాస్ మంట ఆపడం మర్చిపోయాడు. అగ్నిప్రమాదం జరిగింది. విచారణ జరిగాక, ఈ గాజు ఆటలు చాలించమని పైవాళ్లు చెప్పేశారట. గ్రిఫిత్‌ని ఇంజిన్ల పనికి మార్చారు. ఆ కుర్రాడు ఏమయ్యాడంటే, తర్వాతి కాలంలో సర్ బెన్ లాక్‌స్పైసర్ అయ్యి, 1954లో సెర్న్ కౌన్సిల్‌కి మొదటి అధ్యక్షుడయ్యాడు.

గ్రిఫిత్ లెక్కని ఇరవై ఏళ్లకి పైగా ఇంజినీర్లు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. గాజు పెళుసు, ఉక్కు అలా కాదు. ఉక్కు సాగుతుంది, వంగుతుంది, పగులు కొన దగ్గర మెత్తబడి మొద్దుబారుతుంది. గాజు లెక్క ఉక్కుకి ఎలా సరిపోతుంది అనుకున్నారు. ఆ ప్రశ్నకి జవాబు సముద్రం మీద వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వెల్డింగ్ ఓడల్ని వేలల్లో కట్టింది. 1943 జనవరిలో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ రేవులో కట్టేసి ఉండగానే, అలలు తుఫాను ఏమీ లేకుండానే, రెండుగా చీలిపోయింది. చలికి పెళుసుబారిన ఉక్కులో పగులు గాజులో పరిగెత్తినట్టే పరిగెత్తింది.

యుద్ధం తర్వాత అమెరికా నేవీ ల్యాబ్‌లో జార్జ్ ఇర్విన్ గ్రిఫిత్ పాత కాగితాన్ని బయటికి తీశాడు. ఖర్చు లెక్కలో కొత్త ఉపరితలం ఒక్కటే కాదు, లోహం సాగడానికి పోయే శక్తిని కూడా కలపాలన్నాడు. అది కలిపేసరికి గాజు ఫార్ములా లోహాలకీ పనికొచ్చింది. ఫ్రాక్చర్ మెకానిక్స్ అనే సబ్జెక్ట్ అలా పుట్టింది.

కాదన్న ఒక్క ఆలోచన

ఇంజిన్ల వైపు వెళ్లిన గ్రిఫిత్ ఊరికే కూర్చోలేదు. అప్పటి టర్బైన్లు, కంప్రెసర్లు ఎందుకు అంత దండగగా నడుస్తున్నాయో చూశాడు. వాటి బ్లేడ్లని రేకు వంచినట్టు చేస్తున్నారు, అందుకే గాలి వాటి నుంచి విడిపోయి సుడులు తిరుగుతోంది. విమానం రెక్కలాగా వాటికి ఆకారం ఇవ్వాలని 1926లో రాశాడు. ఇవాళ మన తల మీదుగా పోయే ప్రతి పెద్ద జెట్ ఇంజిన్ లోపల వరసగా ఉండే బ్లేడ్లకి మూలం ఆ ఆలోచనే.

కానీ అదే మనిషి ఇంకో ఆలోచనకి అడ్డం పడ్డాడు. 1929 చివర్లో ఫ్రాంక్ విటిల్ అనే ఇరవై రెండేళ్ల ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ ఒక జెట్ ఇంజిన్ ప్లాన్ పట్టుకుని ఎయిర్ మినిస్ట్రీకి వెళ్లాడు. దాన్ని పరిశీలించమని గ్రిఫిత్‌కి ఇచ్చారు. విటిల్ లెక్కలో ఒక తప్పు ఉందని గ్రిఫిత్ చూపించాడు. ఆయన ఎంచుకున్న కంప్రెసర్ పెద్దది, దాని పనితీరు చాలదు అని తేల్చాడు. మినిస్ట్రీ పక్కన పెట్టేసింది. విటిల్ 1930లో సొంతంగా పేటెంట్ తీసుకున్నాడు. 1935లో దాన్ని కొనసాగించడానికి కట్టాల్సిన ఫీజు 5 పౌండ్లు మాత్రమే. అది కూడా కట్టలేకపోవడంతో పేటెంట్ పోయింది. ఎలాగో ప్రైవేటు డబ్బుతో 1937 ఏప్రిల్‌లో ఇంజిన్ నడిపించాడు. బ్రిటన్ మొదటి జెట్ విమానం 1941 మేలో ఎగిరింది. అప్పటికే జర్మనీ 1939 ఆగస్టులో జెట్ ఎగరేసింది.

గ్రిఫిత్ చెప్పిన లోపాలు నిజమే. ఆయన కోరుకున్న రకం కంప్రెసరే చివరికి గెలిచింది కూడా. అయినా విటిల్ ఇంజిన్ పనిచేసింది, అదీ ముందుగా. తన ల్యాబ్‌లో పైవాళ్లు గాజు పనిని ఆపేసినప్పుడు గ్రిఫిత్ ఎక్కడ నిలబడ్డాడో, పదేళ్లు తిరక్కముందే విటిల్ సరిగ్గా అక్కడ నిలబడ్డాడు. ఈసారి కుర్చీలో ఉన్నది గ్రిఫిత్. ఆయన జీవితంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఘట్టం ఇదే. రివ్యూ చేసేవాడు తప్పు పట్టుకోవడంతో పని అయిపోదు, ఆ తప్పు సరిదిద్దుకోగలిగేదా కాదా కూడా చెప్పాలి.

తోక లేని మంచం

1939లో గ్రిఫిత్ రోల్స్ రాయిస్‌లో చేరాడు. 1960 దాకా అక్కడే ఉన్నాడు. 1941లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. అక్కడ ఆయన ఒంటరిగా కూర్చుని కాగితం మీద ఆలోచించే మనిషిగానే మిగిలాడు. ఎదురెదురు దిక్కుల్లో తిరిగే బ్లేడ్లతో ఒక ఇంజిన్ ప్రయత్నించాడు, అది ఫలించలేదు. తర్వాత ఆయన ఆలోచనల నుంచి వచ్చిన అవాన్ ఇంజిన్ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. మన ఎయిర్ ఫోర్స్ నడిపిన హంటర్, కాన్‌బెరా విమానాల్లో ఉన్నది అవానే.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. ప్రపంచపు మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1954లో జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మధ్యధరా సముద్రం మీద గాల్లోనే ముక్కలైపోయాయి. 56 మంది చనిపోయారు. కారణం వెతకడానికి ఒక కామెట్ బాడీని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, ఎగిరినప్పుడు ఎక్కే ఒత్తిడిని మళ్లీ మళ్లీ ఎక్కించి దించారు. అంతకుముందు ఎగిరినవీ కలుపుకుంటే సుమారు 3,000 సార్లకే క్యాబిన్ చీలిపోయింది. కిటికీల్లాంటి కోతల మూలల దగ్గర, రివెట్ రంధ్రాల దగ్గర పుట్టిన చిన్న పగుళ్లు మెల్లగా పెరిగి, ఒక పొడవు దాటాక పరిగెత్తాయి. ఈ టెస్ట్ జరిగింది ఎక్కడో తెలుసా? ఫార్న్‌బరోలోనే. ముప్పై ఏళ్ల ముందు గ్రిఫిత్ గాజు గొట్టాలు పగలగొట్టిన చోట. తర్వాత మార్పులు చేసి అవాన్ ఇంజిన్లు పెట్టిన కామెట్ 4 విమానమే 1958 అక్టోబర్‌లో అట్లాంటిక్ దాటే మొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు నడిపింది.

ఆ 1954 ఆగస్టులోనే గ్రిఫిత్ ఇంకో కల గాల్లోకి లేచింది. రెండు జెట్ ఇంజిన్ల పొగని కిందకి తిప్పిన ఒక ఇనుప చట్రం. రెక్క లేదు, తోక లేదు, పైన కూర్చున్న పైలట్‌కి చుట్టూ గోడ కూడా లేదు. చూడ్డానికి నాలుగు కాళ్ల మంచంలా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని ఎగిరే మంచం అన్నారు. హెలికాప్టర్‌లా నిలువుగా లేచి నిలువుగా దిగే జెట్ విమానాలు సాధ్యమేనని అది చూపించింది. తర్వాత హారియర్ విమానం వేరే దారిలో ఆ కలని నిజం చేసింది. గ్రిఫిత్ 1963 అక్టోబర్‌లో చనిపోయాడు. వయసు 70.

హెలికాప్టర్ తోక మీద ఆయన లెక్క

ఆయన మంచానికి తోక అక్కర్లేదు కానీ హెలికాప్టర్‌కి తప్పదు. పైన రోటర్ ఒక వైపు తిరిగితే, కింద బాడీ రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక చివర చిన్న రోటర్. అది పక్కకి తోస్తూ ఉంటే ఆ తోపుడు భారం అంతా పొడవాటి తోక మోయాలి. ఒక చివర బిగించి రెండో చివర లాగే దూలం లాంటిదన్నమాట. భారం ఎక్కువ పడేది బాడీకి తోక అతుక్కునే చోట, అదీ కొన్ని బోల్టుల దగ్గర. పైగా తోక అంటే లోపల చట్రాలు, పైన పలచటి అల్యూమినియం రేకు, వందల కొద్దీ రివెట్లు. ప్రతి రివెట్‌కీ ఒక రంధ్రం. ప్రతి రంధ్రం దగ్గరా ఇంగ్లిస్ చెప్పిన మూడు రెట్లు.

దానికి తోడు వణుకు. నిమిషానికి 300 సార్లు తిరిగే నాలుగు బ్లేడ్ల రోటర్ అనుకుందాం. నిమిషానికి 1,200 కుదుపులు, గంటకి 72,000. కామెట్‌కి ఒక్కో ప్రయాణానికి ఒక్క పెద్ద సాగుడు. హెలికాప్టర్ తోకకి గంటలోనే ఇన్ని చిన్న కుదుపులు. అందుకే తోక భాగాల్లో పగుళ్లు వెతకడం మెయింటెనెన్స్ వాళ్లకి రోజువారీ పని.

మా సారపాకలో హెలికాప్టర్ దిగితే ఊరు ఊరంతా వెళ్లి చూస్తాం. భద్రాచలం గుడికి పెద్దవాళ్లు వచ్చినప్పుడు హెలిప్యాడ్ గోదావరికి ఇవతల మా వైపే ఉంటుంది. ఇక 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు సారపాక వంతెన మీద రాకపోకలే ఆపేశారు. రోడ్డు మునిగి, పడవ వెళ్లలేని చోట మిగిలేది హెలికాప్టర్ ఒక్కటే. అలాంటి రోజున అది లేస్తుందా లేదా అన్నది, కొన్ని రోజుల ముందు ఎక్కడో హ్యాంగర్‌లో ఒక టెక్నీషియన్ తోక కింద పడుకుని టార్చి వేసి చూసిన దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ మనిషి చేసే పని చూడండి. ముందు మురికి, నూనె తుడుస్తాడు. టార్చి, చిన్న అద్దం, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పట్టుకుని రివెట్ల వరసలు, బోల్టులు బిగించే చోట్లు వెతుకుతాడు. అనుమానం ఉంటే రంగు తీసేసి ఎర్రటి ద్రవం పూస్తాడు. అది సందుల్లోకి ఇంకాక పైదంతా తుడిచి తెల్లటి పౌడర్ చల్లితే, పగులు ఉన్నచోట లోపలి ఎరుపు పైకి పీల్చుకుని సన్నటి ఎర్ర గీత కనిపిస్తుంది. కంటికి అందని చోట ఎడ్డీ కరెంట్ వాడతారు. చిన్న కాయిల్‌తో లోహంలో కరెంటు సుడులు పుట్టిస్తే, పగులు అడ్డొచ్చిన చోట ఆ సుడులు దారి మళ్లుతాయి, మీటర్‌లో తేడా కనిపిస్తుంది.

పగులు దొరికితే? రేకు మీద చిన్న పగులైతే, మాన్యువల్ ఒప్పుకుంటే, పగులు కొన దగ్గర డ్రిల్‌తో గుండ్రటి రంధ్రం వేస్తారు. పగిలిన చోట ఇంకో రంధ్రమా అని నాకూ మొదట ఆశ్చర్యమేసింది. పదునైన కొన దగ్గర ఒత్తిడికి హద్దు లేదు, గుండ్రటి అంచు దగ్గర అది బాగా తగ్గుతుంది. కొనని మొద్దు చేస్తే పరుగు ఆగుతుంది. కాకపోతే సరిగ్గా కొన మీదే పడాలి. కొన ఎక్కడుందో తప్పు చూస్తే పగులు రంధ్రం అవతల నుంచి మళ్లీ నడక మొదలెడుతుంది. తర్వాత పైన అదే రకం లోహపు రేకు అతుకు వేసి, లెక్క ప్రకారం రివెట్లు కొట్టి, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూస్తారు. అతుకు మూలలు కూడా గుండ్రంగానే ఉండాలి. తోక చివర కొంచెం బరువు పెరిగినా దూరం ఎక్కువ కాబట్టి హెలికాప్టర్ తూకం మారుతుంది, అదీ మళ్లీ లెక్క చూసుకోవాలి. బోల్టులు బిగించే ముఖ్యమైన భాగంలో పగులు వస్తే మాత్రం సాధారణంగా అతుకు పనికిరాదు, భాగమే మార్చేస్తారు.

ఎన్ని గంటలకోసారి చూడాలన్నది ఎలా నిర్ణయిస్తారు? ఒక్కో కుదుపుకి పగులు ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రాన్ని పారిస్, ఎర్డొగాన్ అనే ఇద్దరు ప్రచురించారు. ఏ ఏడాదో తెలుసా? 1963, గ్రిఫిత్ చనిపోయిన ఏడాదే. పగులు కంటికి కనిపించే సైజు ఒకటి, గ్రిఫిత్ లెక్క ప్రకారం పరుగు అందుకునే సైజు ఒకటి. మొదటిదాని నుంచి రెండోదానికి చేరడానికి పట్టే గంటల్లో కనీసం రెండుసార్లైనా తనిఖీ పడేలా చూస్తారు. మొదటిసారి ఒకరి కన్ను తప్పినా రెండోసారి దొరుకుతుందని.

మా ఊళ్లో ఇంకోటి కూడా ఉంది. 1979 నుంచి సారపాక అంటే కాగితం, ప్యాకింగ్ అట్ట. ఏ పేపర్ మిల్లులోనైనా వేగంగా పరిగెత్తే కాగితపు పరుపు అంచున చిన్న చిరుగు ఉంటే చాలు, ఒక్కోసారి అడ్డంగా తెగిపోతుంది. షాంపూ ప్యాకెట్ అంచున చిన్న గాటు పెట్టేది కూడా అందుకే. గాటు లేని వైపు నుంచి చింపి చూడండి, పళ్లు పెట్టాల్సిందే. ఒక చోట మనకి పనికొచ్చే గాటు, ఇంకో చోట ప్రాణం తీసే గాటు. రెండింటికీ లెక్క ఒకటే.

గ్రిఫిత్ పేరు మీద పెద్ద విగ్రహాలు, సినిమాలు లేవు. విటిల్‌ని గుర్తు పెట్టుకున్నంతగా ఆయన్ని జనం గుర్తు పెట్టుకోలేదు. పగులే లేని వస్తువు ఉండదని ఆయన గాజు పోగులు చూపించాయి. అది ఒప్పుకున్నాకే, ఉన్న పగులుని కొలిచి, ఎన్నాళ్లు ఆగుతుందో లెక్కేసి, ఆలోపు వెళ్లి చూసి రావడం అనే పద్ధతి పుట్టింది. కోడ్ రాసే మాకు కూడా బగ్ లేని ప్రోగ్రామ్ ఉండదని సీనియర్లు చెప్తూనే ఉంటారు. ఈసారి సెమ్‌లో ఆ ఫార్ములా ఎదురైతే, సిగ్మా పక్కన ఉన్న ఆ వర్గమూలం కింద పొడవు దగ్గర ఒక్క క్షణం ఆగండి. వరద నీళ్ల మీద ఎగిరే హెలికాప్టర్‌లో కూర్చున్న వాళ్ల భద్రత ఆ అక్షరంలోనే ఉంది.